రెండు జాబితాల్లో ఉన్న మనిషి

మొన్న సోమవారం పొద్దున మా మున్సిపల్ ఆఫీసు ఆవరణలో ఒక లారీ ఆగింది. అందులోంచి మా ఊరి పేరు దిగింది. ఒక్కో అక్షరం మనిషెత్తు, ఎర్ర రంగు రేకు, లోపల బల్బులు. హమాలీలు ఇద్దరిద్దరు కలిసి ఒక్కో అక్షరాన్ని మోసుకొచ్చి స్కూటర్ల షెడ్డు గోడకు ఆనించారు. ఆఖరున ఒక పెద్ద గుండె బొమ్మ దిగింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచక మొహం గోడవైపు తిప్పి పెట్టారు. ఊళ్లన్నిటికీ ఉన్నట్టే మాకూ సెల్ఫీ పాయింటు వచ్చిందని అటెండర్లు అప్పుడే ఫోటోలు దిగడం మొదలుపెట్టారు.

నేను కిటికీ దగ్గర నిలబడి ఒక కన్ను మూసి చూశాను. మూడో అక్షరం మిగతా వాటికంటే సన్నం. అక్షరాన్ని ఒంటికన్నుతో చూడటం నాకు నేర్పిన మనిషి ఇప్పుడు లేడు. ఉండుంటే షెడ్డు ముందు నాలుగు చుట్లు తిరిగి, "గీ అక్షరానికి కడుపునిండ తిండి వెట్టలే తమ్మీ" అనేవాడు. అది గుర్తొచ్చిన దగ్గర్నుంచి నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. ఫైలు తెరుస్తాను, మూస్తాను, లేచి వరండాలోకి పోతాను, మళ్లీ వస్తాను. ఇంట్లో మా ఆవిడ బీపీ చూపించుకొమ్మంది. బీపీ కాదని నాకు తెలుసు.

ఊరి పేరు చెప్పను. చెబితే ఆఫీసు తెలిసిపోతుంది, నాకింకా మూడేళ్ల సర్వీసుంది. జమ్మికుంట బస్సూ నస్పూర్ బస్సూ రెండూ ఆగే ఊరనుకోండి, చాలు. ఆయన పేరు కూడా చెప్పను. ఆ పేరు విషయంలో నేను చేసింది చాలు.

ఆయన బోర్డు పెయింటర్. ఫ్లెక్సులు రాకముందు చుట్టుపక్కల ఏ దుకాణం మీద పేరున్నా సగం ఆయన చేతిదే. జమ్మికుంట మార్కెట్లో పత్తి దుకాణాల పేర్లు, నస్పూర్ దగ్గర గనుల్లో జాగ్రత్తలు చెప్పే బోర్డులు, ఇచ్చోడ రోడ్డు మీద దాబాల గోడలు. ఫ్లెక్సులు వచ్చాక పని పోయింది, వాసన మాత్రం పోలేదు. డబ్బా ముట్టుకోక పదేళ్లయినా, ఆయన గదిలోకి వస్తే ముందు టర్పెంటైన్ వాసన వచ్చేది. చొక్కా జేబులో సుద్దముక్క, ప్యాంటు జేబులో గోడ మీద గీత కొట్టే దారం ఉండ ఎప్పుడూ ఉండేవి. ఎందుకని అడిగితే, "నీ జేబుల పెన్ను ఎందుకున్నది? అందుకే" అనేవాడు.

వంకరగా ఉన్న వస్తువును చూసి ఊరుకోవడం ఆయన వల్ల కాదు. ఆఫీసులోకి రాగానే గోడ మీది ఫోటోలన్నీ ఒకసారి సరిచేసేవాడు. ఒకసారి కమిషనర్ గారి గదిలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన టేబుల్ మీది నేమ్‌బోర్డును రెండు వేళ్లతో జరిపాడు. కమిషనర్ గారు దాన్ని వెనక్కి జరిపారు. ఈయన మళ్లీ జరిపాడు. అలా మూడుసార్లు అయ్యాక కమిషనర్ గారే నవ్వి వదిలేశారు.

ఆయన కూర్చునేవాడు కాదు. ఇది సరదాకి చెప్పడం లేదు, ముందు జరగబోయేదంతా దీని మీదే ఉంది. మీటింగు రెండు గంటలు నడిచినా కిటికీ దగ్గర నిలబడేవాడు, లేదా కుర్చీల వెనక నుంచి తిరుగుతూ ఉండేవాడు. మా ఆఫీసు సలహా సంఘాల అధ్యక్షుడు, రిటైరైన కాలేజీ ప్రిన్సిపాల్, ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు అన్నాడు.

"పెయింటర్ సాబ్, జర కూసోరాదు. మిమ్ముల జూస్తుంటే నాకు కండ్లు తిరుగుతున్నయి."

"ముప్పై ఏండ్లు నిచ్చెన మీద నిలవడ్డోన్ని సార్. కూసుంటే నాకు గోడ సగమే కనవడతది. ఇంకోటి, నేను కూసున్ననంటే మీరందరు సంతకాలు వెట్టి లేస్తరు."

మాకు రెండు సంఘాలుండేవి. ఒకటి పార్కుల సలహా సంఘం, ఇంకొకటి కళల సలహా సంఘం. ఏ పార్కులో ఏ మొక్క పెట్టాలో మొదటిది చెప్పాలి, ఏ కూడలిలో ఏ విగ్రహం పెట్టాలో, ఏ గోడకు ఏ బొమ్మ వేయాలో రెండోది చెప్పాలి. ఐదుగురు సభ్యులు ఇందులో, ఐదుగురు అందులో, రెండింటికీ అధ్యక్షుడు ఒక్కడే. పార్కుల కాగితాలు నేను చూసేవాణ్ని. కళల కాగితాలు పక్క టేబుల్ అక్క చూసేది. నాకంటే మూడునాలుగేళ్లు సీనియర్, అందుకే అక్క.

ఆయన రెండింటిలోనూ ఉన్నాడు. కళల సంఘంలో బొమ్మలు తెలిసినవాళ్లు ఒకరుండాలంటే ఊళ్లో ఇంకెవరూ దొరకలేదు. పార్కుల సంఘంలోకి ఎట్లా వచ్చాడంటే, బస్టాండు వెనక పార్కులో ఐదు కానుగ చెట్లను ఆయనే పెంచాడు. పని పోయిన కొత్తలో ఇంట్లో ఉండలేక ఖాళీ పెయింటు డబ్బాలు కడిగి, వాటితో రోజూ నీళ్లు మోసి పోశాడు. రెండు ఉత్తర్వులూ వేరువేరు నెలల్లో వచ్చాయి. రెండు చోట్లా ఉన్న పేరు ఒకే మనిషిదని మొదట్లో ఎవరూ గమనించలేదు.

రెండు సంఘాలూ ఒకే గదిలో కూర్చునేవి, వారం తేడాతో. అయినా ఒకరి సంగతి ఒకరికి తెలిసేది కాదు. ఒక ఏడాది కళల సంఘం పెద్ద పార్కు గేటు దగ్గర వడ్లు దంచే ఆడవాళ్ల విగ్రహం పెట్టించింది. అదే నెలలో పార్కుల సంఘం దాని ముందే కోనోకార్పస్ మొక్కలు వరసగా నాటించింది. రెండేళ్లకు ఆ గుబురులో విగ్రహం ఆడవాళ్లు మునిగిపోయారు. పైకి రోకలి కొసలు మాత్రం కనిపించేవి. బయటి ఊళ్లవాళ్లు అవేం కర్రలని అడిగేవారు.

ఆ రోకళ్ల మీద ఆయన నాలుగేళ్లు మాట్లాడాడు. "గది ఒక్కటే, టేబులొక్కటే, తాగే చాయ్ ఒక్కటే. మల్ల సంఘాలెందుకు రెండు? కలుపుండ్రి సార్. బొమ్మ వెట్టేటోడు చెట్టు వెట్టేటోని పక్కన కూసోవాలె." కూర్చోవడం గురించి ఈయన చెప్పడమేమిటని అందరూ నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు, కిటికీ రెక్క సరిగ్గా పడుతోందో లేదో చూస్తూ మళ్లీ అదే మాట మొదలుపెట్టేవాడు.

నా చేతిరాతను కూడా వదల్లేదు. ఒకరోజు నా టేబుల్ ముందు నిలబడి, నేను మినిట్స్ పుస్తకంలో కొట్టివేసిన ఒక వాక్యాన్ని ఒంటికన్నుతో చూశాడు.

"ఇది నువ్వే గీసినవు గదా తమ్మీ?"

"ఎట్ల తెలిసింది సాబ్?"

"నీ గీత కుడిదిక్కు పోయేటాల్లకు కిందికి జారుతది. ఎప్పుడు జూసినా గంతే. ఆకలి మీద గీస్తవా ఏంది?"

అక్క పకపకా నవ్వింది. అక్క గీత మాత్రం తాడు కొట్టినట్టు ఉంటుందన్నాడు. నాకు కొంచెం రోషం వచ్చింది. స్కేలు కొనుక్కున్నాను, రెండు రోజులు వాడి పక్కన పడేశాను.

సెల్ఫీ పాయింటు మాట అప్పుడే మొదలైంది. మెయిన్ రోడ్డుకు కనిపిస్తుంది కాబట్టి బస్టాండు వెనక పార్కులోనే పెట్టాలని, ఐదు కానుగ చెట్లూ అడ్డం కాబట్టి తీసేయాలని ప్రతిపాదన. అది తెలిసిన మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన నా దగ్గరికి వచ్చాడు. భోజనం డబ్బా మూత కూడా తీయనివ్వలేదు.

"లే. పార్కుకు వోదాం. ఏ జాగనైనా పొద్దు నెత్తి మీదికొచ్చినప్పుడు జూడాలె."

ఎండ మండిపోతోంది. మొదట నన్ను పార్కు మధ్యలో, నీడలేని చోట నిలబెట్టాడు. తాను గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఐదు నిమిషాలకు నాకు మాడు కాలింది. అప్పుడు కానుగల కిందికి తీసుకుపోయాడు. అక్కడ ముప్పైమంది దాకా ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించే చప్పుడు తప్ప పెద్దగా మాటల్లేవు. ఆ వెనక వాడలో అన్నీ రేకుల ఇండ్లు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే మనిషి ఉడికిపోతుంది, పైగా తంబాకు దుమ్ముకు ఇంట్లో పిల్లలు దగ్గుతారు. అందుకని ఐదారేళ్లుగా మధ్యాహ్నం వాళ్ల పనిచోటు ఈ నీడే. వాళ్లలో పెద్దది లచ్చవ్వ. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"పెయింటరూ, గీయిన ఎవలు? చెట్లు గొట్టేటాయినా?"

"కొట్టేటాయిన గాదు. కాగితం రాసేటాయిన."

"రెండూ ఒక్కటే గదా" అని లచ్చవ్వ మళ్లీ ఆకు కత్తిరించసాగింది.

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన అదేమీ పట్టించుకోకుండా పార్కు అవతలి చివర నీళ్ల ట్యాంకు దగ్గరికి నడిచాడు. ట్యాంకు కింద పొడవాటి ఖాళీ గోడ ఉంది, పాన్ మరకలు తప్ప ఏమీ లేవు. జేబులోంచి దారం తీసి, నీలం పొడి రాసి, ఒక కొస నా చేతికిచ్చాడు. లాగి వదిలితే గోడ మీద అడ్డంగా, తిన్నగా గీత పడింది. కింద ఇంకొకటి. ఆ రెండు గీతల మధ్య సుద్దముక్కతో మా ఊరి పేరు రాశాడు. కొలత లేదు, చెరపడం లేదు. ఐదారు నిమిషాల్లో అయిపోయింది. నేను పుట్టి పెరిగిన ఊరి పేరు అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎండ అని సర్దుకున్నాను.

"ఊరికి పేరు గావాలె, నేను వద్దంటలేను" అన్నాడు. "ముప్పై ఏండ్లు పేర్లు రాసి బతికినోన్ని, నేనెందుకు వద్దంట? పేరు గీ గోడ మీద ఉండనీ. నీడ గా తల్లుల మీద ఉండనీ. రెండు సంఘాలు ఒక్కటైతే ఇది ఒక్క మీటింగుల తెగుతది తమ్మీ. బొమ్మలోల్లకు గోడ దొరుకుతది, చెట్లోల్లకు చెట్లు మిగులుతయి."

రెండు సంఘాలూ నిజంగానే ఒకటయ్యాయి. దసరా ముందు ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు ఆయన ఆఫీసంతా మిఠాయి పంచాడు. అధ్యక్షుడు కాక కొత్త సంఘంలో తొమ్మిదిమంది సభ్యులు. ఐదూ ఐదూ పది, రెండు చోట్లా ఉన్నది ఆయనొక్కడు కాబట్టి తొమ్మిది. లెక్క తేలికే. సాయంత్రంలోగా రెండు జాబితాలూ కలిపి టైపుకు ఇవ్వమన్నారు. రెండుసార్లు వచ్చిన పేరు ఒక చోట కొట్టివేయమన్నారు.

నేను నా జాబితాలో ఆయన పేరు కొట్టేశాను, అక్క జాబితాలో ఉంది కదా అని. అక్క తన జాబితాలో కొట్టేసింది, నా జాబితాలో ఉంది కదా అని. ఇద్దరం పక్కపక్క టేబుళ్ల మీదే ఉన్నాం. ఒకరినొకరు అడగలేదు. నాకు బస్సు టైమైంది, అక్కకు మనవరాలి పుట్టినరోజు. మిగిలిన పేర్లు టైపయ్యాయి, సంతకమైంది.

మొదటి మీటింగు రోజు అధ్యక్షుడి కుర్చీ కాక ఎనిమిది కుర్చీలు వేశారు. ఎనిమిదిమంది కూర్చున్నారు. ఒక కుర్చీ తక్కువైందని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆయన ఎప్పటిలాగే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క రోజు ఆయన కూర్చోవడానికి వచ్చి ఉంటే, కుర్చీ లేదని నేనే లేచి జాబితా చూసేవాణ్ని. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఆ రోజు ఆయన బాగా మాట్లాడాడు. ట్యాంకు గోడ సంగతి చెప్పాడు. ఒకప్పుడు కళల వైపున్న ఒక సభ్యుడు కూడా ఇటు మొగ్గాడు. అధ్యక్షుడు చేతులెత్తమన్నాడు. చెట్లు తీసి అక్షరాలు పార్కులోనే పెట్టాలన్నవాళ్లు నలుగురు. చెట్లు ఉంచి గోడ మీద రాయాలన్నవాళ్లు, కూర్చున్నవాళ్లలో నలుగురు, కిటికీ దగ్గర ఒక చెయ్యి. ఐదు. నేను ఐదు అని రాసుకున్నాను కూడా.

అప్పుడు సంతకాల కాగితం తిరిగింది. అధ్యక్షుడు దాన్ని పైనుంచి కిందికి చూసి, "పెయింటర్ సాబ్ పేరు గీంట్ల లేదేంది?" అని నా వైపు తిరిగాడు.

నేను జాబితా తీశాను. చూడగానే అర్థమైంది. అక్క వైపు చూశాను, అక్కకూ అర్థమైంది. ఆఫీసు తప్పు సార్, నాదే, అనడానికి ఎంతసేపు పడుతుంది? కమిషనర్ గారి మనిషి ఎదురుగా ఉన్నాడు. అంతకు ముందు నెలలోనే ఇంకో సెక్షన్ గుమాస్తాను ఇంతకంటే చిన్న తప్పుకు సస్పెండ్ చేశారు.

"లేదు సార్" అన్నాను. అంతే అన్నాను.

పేరు లేనివాళ్ల ఓటు లెక్కలోకి రాదన్నారు. నాలుగూ నాలుగూ సమానమయ్యాయి. సమానమైతే అధ్యక్షుడి మాట చెల్లుతుంది. అధ్యక్షుడు చెట్లు తీసేయడం వైపు వెళ్లాడు. కిటికీ దగ్గర ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. పెయింటర్ సాబ్ తన చేతివంక ఒకసారి చూసుకుని, దించి, జేబులో పెట్టుకున్నాడు.

వరండాలో నన్ను ఆపాడు. "నా పేరు ఏడ వోయింది తమ్మీ?"

"పైనుంచి వచ్చిన జాబితాలనే లేదు సాబ్. మనమేం జేస్తం?"

నా జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను. ఇదొక్కటే ఇంకా నోట్లో ఉన్నట్టు ఉంటుంది. ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. "పైనుంచా. సరే, పైకే వోదాం" అన్నాడు. ఆ సాయంత్రం అక్క, "ఇద్దరం కొట్టేసినం తమ్మీ. చెప్దామా?" అంది. "ఆగక్కా, జర జూద్దాం" అన్నాను. అక్క ఆగింది. రిటైరై వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆయన తిరగడం మొదలుపెట్టాడు. జిల్లా ఆఫీసుకు, అక్కడినుంచి ఇంకో ఆఫీసుకు, హైదరాబాదుకు రెండుసార్లు. మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చి పార్కు పని ఆగింది. ఆయన ఆగలేదు. అర్జీ పంపే ముందు ప్రతిసారీ దాన్ని నాకు చూపించేవాడు. బోర్డు మీద రాసినట్టే రాసేవాడు, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. నా టేబుల్ ముందు నిలబడి, "ఒకసారి సదువు తమ్మీ. ఏమన్న మర్సిపోయిన్నా? ఇంకేమన్న రాయాల్నా?" అనేవాడు.

"లేదు సాబ్, మంచిగున్నది" అనేవాణ్ని.

అలా ఏడుసార్లు. ప్రతిసారీ ఆయన ఒక నిమిషం ఎక్కువే నిలబడేవాడు. టేబుల్ మీది పెన్నుల డబ్బా సరిచేసేవాడు. తర్వాత వెళ్లిపోయేవాడు. నేను నీళ్లు తాగేవాణ్ని.

మే నెలలో ఒకరోజు జిల్లా ఆఫీసు నుంచి వచ్చి బస్సు దిగి, కానుగల కింద కాసేపు నిలబడి, ఇంటికి పోయి పడుకున్నాడు. రెండు రోజులకు పోయాడు. వడదెబ్బ అన్నారు. ఆయన అంత్యక్రియలకు వెళ్లాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అననందుకు సంతోషించాను, అది కూడా ఇక్కడ రాయాలి.

సోమవారం అక్షరాలు దిగాయి. గురువారం మీటింగు పెట్టారు, మొదటి అంశం చెట్లు తీసే తేదీ. బుధవారం మధ్యాహ్నం లచ్చవ్వ ఆఫీసుకు వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, నా టేబుల్ మీద ఒక గుడ్డసంచి పెట్టింది. టర్పెంటైన్ వాసన వచ్చింది.

"పెయింటర్ ఆఖరినాడు నాకిచ్చిండు. రేపు తీసుకుంట, నీ దగ్గరుంచు అన్నడు. మల్ల రాలే. రేకు అక్షరాలొచ్చినయట గదా, ఇగ దీన్ని దాసి ఏం జేయాలె? సూడు."

లోపల ఏడు అర్జీల నకళ్లు. అన్నిటికంటే కింద నాలుగు మడతలుగా ఒక జిరాక్సు. మా పాత పార్కుల సంఘం జాబితా. మూడో పేరు కొట్టివేసి ఉంది. ఆ గీత ఎడమ నుంచి బయల్దేరి కుడివైపు పోయేసరికి కిందికి జారింది. కాగితం వెనక రికార్డు రూము ముద్ర ఉంది, తేదీ ఉంది. మొదటి మీటింగైన రెండో రోజు.

మొదటి అర్జీ నాకు చూపించేసరికే ఆయనకు తెలుసు. ఏడుసార్లూ తెలిసే అడిగాడు.

"ఈ కాగితం నీకు చూపించిండా అవ్వా?"

"సూపిచ్చిండు. నాకు సదువు రాదు, ఆయిననే జెప్పిండు, గా క్లర్కు సారు గీసిన గీత ఇదీ అని. నేనన్న, ఇగ ఫికరేంది, వోయి గాయిన అంగి కాలరు వట్టుకో, అందరి ముంగట అడుగు అన్న."

"మరి?"

"ఇన్నడా? పిచ్చి మనిషి. కింద తప్పయిందంటే గాయిన నౌకరికి మచ్చొస్తది లచ్చవ్వా, పైన తప్పయిందంటే ఎవ్వల నౌకరీ పోదు, పైనుంచే దిద్దుకొస్త అన్నడు. తిరిగిండు, తిరిగిండు. ఎండల తిరిగిండు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకోమాట గూడ అనేటోడు. గాయిన సెప్పేటోడే, నోటిదాంక వస్తున్నది, నాకు కనవడుతున్నది అనేటోడు. నేనైతే నమ్మలే సారూ. నేనిప్పటికీ నమ్ముతలేను."

ఆమె వెళ్లిపోయాక నేను ఆ గీతను ఎంతసేపు చూశానో తెలియదు. ఏడ్చాను. ఆఫీసులో, పట్టపగలు, ఫైళ్ల మధ్య కూర్చుని ఏడ్చాను. ఎవరో వచ్చి ఏమైందంటే దుమ్మన్నాను. మళ్లీ అబద్ధం. అది నా నోటికి ఎంత అలవాటైందో అప్పుడు తెలిసింది.

గురువారం పొద్దున ఒక నోటు రాశాను. సభ్యుడి పేరు ఆఫీసు పొరపాటు వల్ల పోయిందని, ఆ పొరపాటులో సగం నాదని, దాచింది మాత్రం పూర్తిగా నేనేనని, ఆ రోజు తీర్మానం చెల్లదని, చెట్ల మాట మళ్లీ ఓటుకు పెట్టాలని రాశాను. ఖాళీ అయిన ఆ ఒక్క స్థానంలో ఆ నీడన కూర్చుని పనిచేసేవాళ్లలో ఒకరిని తీసుకోవాలని కూడా రాశాను. ఎక్కడా కొట్టివేత లేదు.

పదకొండున్నరకు అందరూ కూర్చున్నారు. అధ్యక్షుడు మొదటి అంశం చదివాడు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. గోడ మీద ఫోటో ఒకటి వంకరగా ఉంది. నేను లేచి దాన్ని సరిచేసి, అక్కడే నిలబడ్డాను.

"ఏందయ్యా, ఏమన్న చెప్పేదుంటే కూసోని చెప్పు" అన్నాడు అధ్యక్షుడు.

"నిలవడే చెప్త సార్."

జిరాక్సు మడతలు విప్పి ఆయన ముందు టేబుల్ మీద పరిచాను. మూడో పేరు మీద, కిందికి జారిన చోట, వేలు పెట్టాను.

"గీ గీత నాది సార్."